చారల చొక్కా, జంట కార్బురేటర్లు

ఆ ఇంటికి హాలు ఒక్కటే. అందులో సగం టైలరమ్మ కుట్టుమిషనుది, సగం మోటార్‌సైకిల్‌ది. మొగుడెక్కడ ఉంటాడని అడక్కండి, బండి ఎక్కడుంటే అక్కడే.

అదేమన్నా ఆషామాషీ బండా! రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. పెళ్లికి ముందు నుంచీ ఆయనతో ఉన్నది. ఏడాది కిందట దారిలో మొరాయించింది. వీధిలో పెడితే ఎవరో ఒకరు చక్రాలు ఊడదీసుకుపోతారని హాల్లోకి తోసుకొచ్చి, "రెండ్రోజులేనోయ్" అన్నాడు. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా టైలరమ్మకు పని పెరిగింది. బట్ట పరిచి కత్తిరించడానికి బల్ల కావాలి. బల్ల వేద్దామంటే బండి అడ్డం. నేలమీద వంగి వంగి కత్తిరించేసరికి నడుం పడిపోతోంది. పోయిన వారం ఇక లాభం లేదని తెగేసి చెప్పింది.

"ఆదివారం సాయంత్రంలోగా ఇది నడవాలి. నడిచిందా, ఉంచుకోండి, నా నడుం నా ఖర్మ. నడవలేదా, పాతసామాన్లతని తోపుడుబండి ఎక్కాల్సిందే."

"సరే. మాటంటే మాటే," అన్నాడాయన.

శనివారం పొద్దున్నే రెండు కార్బురేటర్లూ ఊడదీసి హాల్లో పాత పేపర్లు పరిచి కూర్చున్నాడు. వాటిలో చిన్న చిన్న ఇత్తడి ముక్కలు, ఆ ముక్కల్లో కంటికానని బెజ్జాలు. మడ్డి చేరి అవి మూసుకుపోతే ఇంజనుకి పెట్రోలు అందదట. ఒక్కొక్కటీ కడుగుతాడు, నోటితో ఊదుతాడు, వెలుతురుకు పెట్టి చూస్తాడు. వంటింట్లో టీ వడపోసే జల్లెడ మాయమైంది. ఆమె సూదుల డబ్బా మీదికి కూడా చెయ్యి పోయిందిగానీ, చేతిమీద ఒక్కటిచ్చేసరికి వెనక్కి వెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ బిగించేశాడు. కిక్కు కొట్టాడు. ఇంజను ఒక పక్కనే దగ్గింది, ఇల్లంతా వణికించింది, చచ్చూరుకుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే వరస.

"ఎడమ పక్క అందుకోవట్లేదు. ఎందుకో నా బుర్రకెక్కట్లేదు," అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఆ ఎడమ కార్బురేటర్‌ను మళ్లీ విప్పాడు, కడిగాడు, బిగించాడు. అయినా దానిది అదే దగ్గు.

ఇవతల టైలరమ్మ గొడవ టైలరమ్మది. కుడుతున్న ఆకుపచ్చ చారల చొక్కాకి ఒక చెయ్యి దొరకడం లేదు. నిన్న రెండు చేతులూ కత్తిరించి మిషను పక్కన పెట్టింది, బాగా గుర్తుంది. మిషను కింద చూసింది, బట్టల మూట విప్పి చూసింది. "నా కళ్లు కాకులెత్తుకుపోయాయేమిటి!" అని తనను తానే తిట్టుకుంటూ వచ్చి మళ్లీ మిషను తొక్కసాగింది. అప్పుడు కనబడింది, బండి దగ్గర పేపర్ మీద నూనె మరకలతో ఒక గుడ్డముక్క. ఆకుపచ్చ చారలదే. చెయ్యి కాదు, కత్తిరించగా మిగిలిన ముక్క.

మిషను మీద ఆమె పాదం ఆగిపోయింది.

కార్బురేటర్లు తీసినప్పుడు ఇంజను వైపు రెండు రబ్బరు గొట్టాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. లోపల మరలు పడకుండా వాటిలో గుడ్డలు కుక్కుతాడని ఆమెకు తెలుసు. గొట్టాలు రెండు. బయటికొచ్చిన గుడ్డ ఒకటే. ఓరి నాయనో, చొక్కా చెయ్యి ఎడమ గొట్టంలో ఉంది!

సరిగ్గా అప్పుడే, పొద్దు వాలుతుండగా, పాతసామాన్లతను గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మా, రమ్మన్నారంట?"

టైలరమ్మ బండి వంక చూసింది. ఊరుకుంటే చాలు, బండి పోతుంది, బల్ల వస్తుంది, నడుం నిలుస్తుంది. తను చేసే తప్పేముంది? కుక్కింది తను కాదుగా!

ఆయన లేచాడు. గొణగలేదు, ఇంకో గంట ఆగమని బతిమాలలేదు. చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఆమె మెడలోని టేపు తీసుకుని, బండి ఉన్న చోటును గోడ నుంచి కొలవడం మొదలెట్టాడు.

"ఆరడుగుల బల్ల హాయిగా పడుతుందోయ్. కిటికీ వైపు వేస్తే నీకు వెలుతురు కూడా బాగుంటుంది."

ఆయన గొంతు మామూలుగానే ఉంది. టేపు చుట్టేస్తూ బండి సీటు మీది దుమ్ముని అరచేత్తో తుడిచాడు. టైలరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏవండీ, మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆ ఎడమ గొట్టంలో నా చొక్కా చెయ్యి కుక్కి మర్చిపోయారు. తియ్యండి ముందు!"

ఆయన గుడ్లప్పగించి చూశాడు. తర్వాత స్పానరు అందుకున్నాడు. కార్బురేటర్ వదులు చేసి పట్టకారుతో లాగితే, లోపలికంటా దిగిపోయిన చెయ్యి నల్లగా, తడితడిగా బయటికొచ్చింది. ఈసారి ఒక్క కిక్కుకే రెండు పక్కలా అందుకుంది. పాతసామాన్లతను చెవులు మూసుకుని, "బతికున్న బండి నాకెందుకమ్మా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

"బండి సంగతి సరే, నా చొక్కా సంగతేంటి?" అంది టైలరమ్మ. "బట్టల కొట్టు మూసేలోగా అదే చారల బట్ట తేవాలి."

"ఎక్కు మరి."

ఏడాది తర్వాత ఆమె మళ్లీ ఆ వెనక సీటెక్కింది. ఒక చెయ్యి ఆయన భుజం మీద, రెండో చేతిలో పెట్రోలు వాసనేస్తున్న చొక్కా చెయ్యి. వీధి మలుపు తిరిగాక ఆయనన్నాడు, "ఈ రాత్రి నుంచి ఇది బయట మెట్ల కిందే ఉంటుంది. గొలుసేసి తాళం పెడతా. రేపు వడ్రంగికి బల్ల చెబుదాం."

ఆమె ఆ చొక్కా చెయ్యిని గుప్పిట్లో నలిపింది.

"నేను చెప్పకుండా ఊరుకుందామనుకున్నానండీ."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నీ మిషను ఆగిపోయింది కదా. గుమ్మంలో ఎవరొచ్చి నిలబడ్డా అది ఆగదు. నీకేదో తెలిసిందనుకున్నా."

"మరి అడగొచ్చుగా?"

"నీ నడుం సంగతి నేను ఏడాదిగా అడగలేదు," అన్నాడాయన. "ఇదొక్కటీ ఏ మొహం పెట్టుకుని అడగను?"