సున్నం వేయని గోడ

మా వీధిలో సగం గోడలు నా చేతి మీదుగా తెల్లబడ్డాయి. మా పెరటి గోడ మాత్రం పాచి పట్టి పచ్చగా ఉండేది. సున్నాలు వేసేవాడి ఇల్లు కదా, చూద్దామని ఎవరైనా వస్తే మా ఆవిడ వాళ్లను ముందుగది దాటి రానిచ్చేది కాదు.

"ఊరందరి గోడలకూ ముస్తాబు చేస్తావు. మన గోడ నీకేం పాపం చేసిందయ్యా?" అనేది.

నేను మాట్లాడేవాణ్ణి కాదు. మాట్లాడితే పని చెయ్యాల్సి వస్తుంది. నా మౌనానికి జనం ఏవేవో గొప్ప అర్థాలు తీశారు గానీ అసలు సంగతి అంతే. పైగా నేను చదివింది మూడో తరగతి. నోరు మూసుకుని ఉంటే ఐదో ఆరో అనుకుంటారు.

ఆ గోడను ఆనుకుని ఒక కుళాయి, దాని కింద సిమెంటు దిమ్మ. కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. దిమ్మ మీద నా పాత సున్నం బకెట్టు బోర్లించి ఉండేది. కడగకుండా వదిలేస్తే లోపల సున్నం రాయిలా బిగిసిపోయింది. అంచు సొట్టపోయి ఒక పక్క లేచి ఉంటుంది. దాన్ని పారెయ్యమని కూడా ఆవిడ పోరుతూనే ఉండేది. రెండు పోరులకూ నాది ఒకటే జవాబు.

ఒకరోజు పొద్దున్నే వెనకసందులోంచి ఒక అమ్మాయి తలుపు కొట్టింది. మ్యూజియంలో పురుగూ పుట్రా చూసే ఉద్యోగమట.

"మీ గోడ ఒక్కసారి చూడొచ్చా అండీ?"

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. నీ పాచి కబురు ఆఫీసుల దాకా పాకిందయ్యా అని ఆ చూపుకు అర్థం.

ఆ అమ్మాయి గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. భూతద్దం తీసింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత చెయ్యి ఊపి నన్ను పిలిచింది.

"తాతగారూ, ఇలా రండి. మెల్లగా."

పాచిలో పెసరగింజంత నత్త. తేనెరంగు పెంకు మీద సన్నటి తెల్ల చార. ఒకటి కాదు, చూసేకొద్దీ కనబడుతున్నాయి. ఇన్నేళ్లూ ఆ గోడ పక్కనే మొహం కడుక్కుంటూ నేను ఒక్కదాన్నీ చూడలేదు.

"ఈ నత్త ప్రపంచం మొత్తం మీద మన దేశంలో తప్ప ఎక్కడా లేదు తాతగారూ. ఇక్కడా అంతరించిందనే అనుకున్నాం. తడి ఆరని పాతగోడ ఉంటేనే బతుకుతుంది. జనమేమో కనబడ్డ గోడనల్లా గీకి సున్నం కొట్టేస్తున్నారు."

జనం అంటే నేనే. ఆ మాట చెప్పలేదు.

"ఈ గోడనొక్కదాన్ని ఎవరు ఇలా కాపాడారు?"

"నేనే," అన్నాను.

వెనక మా ఆవిడకు దగ్గు వచ్చింది.

ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. సందులో కాలువ వెడల్పు చెయ్యడానికి మునిసిపాలిటీవాళ్లు మా గోడ కొట్టేస్తారట. వాళ్ల ఆఫీసులో పెద్దవాళ్లను ఎల్లుండి తీసుకొస్తుందట. నత్తల్ని వాళ్లు కళ్లారా చూస్తే గోడ జోలికి రావద్దని రాసిస్తారు. చూడకపోతే గోడా ఉండదు, నత్తలూ ఉండవు.

అప్పటినుంచి నాకు మాటలొచ్చాయి. టీ కొట్టు దగ్గర ఆపకుండా మాట్లాడాను. నత్తగుల్లలు కాల్చి చేసిన సున్నంతో జన్మంతా పొట్ట పోసుకున్నవాణ్ణి, నత్తల సంరక్షకుణ్ణయిపోయాను. మా బావమరిది తాపీమేస్త్రీ. వాడు టీ ఊదుకుంటూ అంతా విన్నాడు.

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ బావా, నీ పెరటి బద్ధకం దేశానికే పనికొచ్చిందే!" అన్నాడు.

"నవ్వు, నవ్వు. ఎల్లుండి పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు."

"రానీ. సున్నాల మేస్త్రీ ఇంట్లో మిగతా గోడలు కూడా చూసి పోతారు."

సరదాకే అన్నాడు. నాకు మాత్రం ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు సున్నం నానబెట్టి, గమ్ము కలిపి, చిటికెడు నీలిమందు వేసి, పెరట్లో మిగతా మూడు గోడలకూ రెండేసి పూతలు వేశాను. నత్తలున్న గోడను ముట్టుకోలేదు. నేను మరీ అంత తెలివితక్కువవాణ్ణి కాదు. అందుకు కొంచెం ఇవతల ఉంటాను. మూడు గోడలూ పాలనురగలా మెరుస్తుంటే, మధ్యలో ఆ గోడ అంచు లేని పటంలా కనబడింది. పని ముగించేటప్పుడు గోడ కింద జానెడు అంచు కట్టడం మా వృత్తిలో రివాజు. అది లేకపోతే సున్నాలవాడికి అన్నం సయించదు. మిగిలిన సున్నంతో దాని కింద కూడా ఈ చివరినుంచి కుళాయి దిమ్మ దాకా తెల్లగా అంచు కట్టేశాను. కుంచె కడిగిన నీళ్లు అలవాటు కొద్దీ గోడ మొదట్లోనే పోశాను.

చెప్పినట్టే వచ్చారు. ఇద్దరు పెద్దవాళ్లు, ఆ అమ్మాయి. నేను ఉతికిన చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. పాచి ఉంది. నత్తల్లేవు. ఇటునుంచి అటు వెతికారు, అటునుంచి ఇటు వెతికారు. ఆ అమ్మాయి అంచు మీద వేలు పెట్టి చూసుకుంది.

"ఇది ఎప్పుడు వేశారు తాతగారూ?"

"నిన్ననే. మీరొస్తున్నారని."

"పచ్చిసున్నం వాటికి నిప్పుతో సమానం," అంది. అంతే అంది. తిడితే బాగుండును.

పెద్దవాళ్లలో పొడుగాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కనబడనిదాన్ని ఉందని రాయలేం కదమ్మా. పద, పోదాం."

చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులైనా లేవు. మా ఆవిడ కోపం నామీద చూపించలేదు. పరాయివాళ్లున్నారుగా. విసవిసా దిమ్మ దగ్గరికి వెళ్లింది.

"చెయ్యమన్నప్పుడు చెయ్యడు, వద్దన్నప్పుడు ఊరుకోడు! ఇవాళ్టితో ఈ దరిద్రాన్నయినా వదిలిస్తా," అంటూ బకెట్టు ఎత్తింది.

ఎత్తి, అలాగే నిలబడిపోయింది.

"ఏమయ్యా..." అంది. నన్ను పిలిచి లాభం లేదని గుర్తొచ్చినట్టుంది. "అమ్మాయీ! ఇటు రా, ఇటు రా తల్లీ!"

బకెట్టు లోపల గట్టిపడ్డ సున్నానికి అతుక్కుని తేనెరంగు నత్తలు. గోడ మీదున్నవన్నీ దిమ్మ మీదుగా పాకి, సొట్టపోయిన అంచు సందులోంచి దూరి అక్కడ తలదాచుకున్నాయి.

ఆ అమ్మాయి ఒక్కసారిగా నవ్వింది. "పాతసున్నానికి మంట ఉండదండీ. పెంకు గట్టిపడాలని దాన్ని గీక్కుని తింటాయి. ఈ బకెట్టు కడగలేదు కాబట్టి బతికాయి!"

పొడుగాయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. ప్యాంటుకు నా అంచంతా అంటుకుంది. ఆయన చూసుకోలేదు.

గోడ నిలిచింది. కాలువ పక్కనుంచి తిప్పారు. అంచును ఆ అమ్మాయే మంచినీళ్లతో మెల్లగా కడిగింది, నన్ను దూరంగా కూర్చోబెట్టి. బకెట్టు కదపొద్దని, కడగొద్దని చెప్పి వెళ్లింది. మా ఆవిడ ఇప్పుడు దానికి కాపలా.

"నువ్వు పని చెయ్యక బతికాయి, చేస్తే చావబోయాయి. ఇంకోసారి ఈ పెరట్లో కుంచె పట్టుకున్నావో, చూడు!" అంది. ఈ మాట కోసం జీవితమంతా ఎదురుచూశాను. తీరా విన్నాక చెయ్యి దురద పెడుతోంది.

మిగతా మూడు గోడలు కూడా పాచి పడితే నత్తలకు చోటు పెరుగుతుందట. అందుకని రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర కూర్చుని నా సున్నం ఎప్పుడు ఊడుతుందా అని చూస్తున్నాను. ఊడడం లేదు. వానలు వచ్చి వెళ్లాయి, పెచ్చు కూడా లేవలేదు.

"ఊళ్లోవాళ్ల ఇళ్లకు వేసినట్టే వెయ్యకపోయావా?" అంటుంది మా ఆవిడ.

నేను మాట్లాడను.