హవాయి వద్దన్నవాడు

మా డైనింగు టేబుల్ మీద భోజనాల కంటే యుద్ధాలే ఎక్కువ జరిగాయి. మా ఆయన బసవపున్నయ్యగారు సినిమా నిర్మాత. ఒకసారి పాట తీయడానికి సింగపూరు వెళ్ళినప్పుడు, అందరూ సెంట్లూ చీరలూ కొంటుంటే ఈయన ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చారు. అందులో పసిఫిక్ మహాసముద్రం మడతపెట్టి ఉంది, రెండో ప్రపంచ యుద్ధం ఆడుకునే ఆటట. పరిస్తే టేబులంతా నీలమే. గోరంత అట్టముక్కలు ఓడలు. ఒకరు జపాను, ఒకరు అమెరికా. ఆదివారం వస్తే తండ్రీకొడుకులు దాని మీద వాలిపోయేవారు. నేను పళ్ళెం పట్టుకుని సోఫాలో కూర్చుని తినేదాన్ని.

ఆట జపానుతో మొదలవుతుంది కాబట్టి జపాను ఎప్పుడూ ఆయనదే. విమానాలు మోసే పెద్ద ఓడలన్నీ తిన్నగా హవాయి మీదికి తోలేవారు. అక్కడ లంగరేసి ఉన్న అమెరికా ఓడలు టపటపా మునిగేవి.

"ఓపెనింగ్ అంటే అదిరా! ఈ దెబ్బ మొదటి వంతులోనే కొట్టాలి, మళ్ళీ దొరకదు" అని తొడ చరిచేవారు.

మా పృథ్వి నవ్వేవాడు. "హవాయి వద్దు నాన్నా. అన్నీ దక్షిణానికి పంపు. అక్కడ చమురు దీవులున్నాయి. అవి పట్టుకుని నీ నీళ్ళలోనే నిదానంగా నిలబడు. అంత దూరం పోయి కొడితే చప్పట్లు ఆ ఒక్కరోజే. తర్వాత అమెరికావాళ్ళు లేస్తారు."

లేచేవారు కూడా. చివరికి ఈయనే ఓడిపోయేవారు. మళ్ళీ ఆదివారం హవాయే. ఆ మొండితనం చూసి నవ్వుకునేదాన్ని. అది నా బిడ్డ మీదికే వస్తుందని నాకేం తెలుసు?

పృథ్వికి నటనంటే ప్రాణం. "చిన్న వేషాలతో మొదలుపెడతాను నాన్నా. జనానికి నా ముఖం అలవాటయ్యాక చూద్దాం" అన్నాడు.

"నా కొడుకు నలుగురిలో ఒకడేంటి? లాంచింగ్ ఒక్కసారే ఉంటుంది" అన్నారు ఈయన.

సినిమా విడుదల కాకముందే వాడికి బిరుదు తగిలించారు, తుఫాన్ స్టార్ అని. ఫిల్మ్ నగర్ మలుపులో వాడి కటౌట్ మేడల కంటే ఎత్తు లేచింది. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు. మొదటి షోలో చప్పట్లు మా బంధువులవి. మర్నాటి నుంచి ఈలలు వెక్కిరింపువి.

ఆ తర్వాత చిన్న వేషం అడిగినా ఎవరూ ఇవ్వలేదు. "తుఫాన్ స్టార్‌కి కానిస్టేబుల్ వేషం ఎలా ఇస్తామండీ?" అని నవ్వారు. వాడు నిలబడదామనుకున్న మెట్టును కూడా మేమే పీకేశాం.

ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజులవి. వాడూ అమీర్‌పేటలో కోర్సు చేసి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాడు. అక్కడి క్యాంటీన్లోనూ "ఏం తుఫాన్, టీ తాగుతావా?" అన్నారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తండ్రితో ఒక్కటే మాటన్నాడు. "నేను వద్దన్నాను కదా నాన్నా."

"నీలో సరుకు లేక నన్నంటావేంట్రా?" అన్నారు ఈయన.

వాడు మోతీనగర్‌లో గది తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఫోన్ చేసేవాడు. ఆయన తీస్తే పెట్టేసేవాడు.

ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవారు. ఒకరోజు నావైపు చూడకుండా, "ఆదివారం వాణ్ణి ఒక ఆటకి రమ్మను" అన్నారు. తప్పయిందనడం పుట్టుకతోనే రాని మనిషి. ఈసారి వాడు రాకపోతే ఇక ఈ ఇంటికి కొడుకు లేనట్టేనని నాకు భయమేసింది. ఫోన్లో ఏడ్చి బతిమాలాను.

ఆదివారం గేటు దగ్గర మా డ్రైవర్ ఓదెలు సంబరంగా కేకేశాడు. "అమ్మా, హీరో సార్ ఒచ్చిండు!"

పాపం, ప్రేమతోనే అన్నాడు. పృథ్వి ముఖం చిన్నబోయింది.

టేబుల్ మీద సముద్రం పరిచే ఉంది. వాడు అమెరికా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పెద్ద ఓడల్ని గుప్పిట్లోకి తీసుకున్నారు. చెయ్యి హవాయి మీదికి వెళ్ళి కాసేపు ఆగింది. వెనక్కి తీసుకుని ఒక్కొక్క ఓడనే దక్షిణాన దీవుల పక్కన పెట్టారు.

"నువ్వు చెప్పినట్టేరా" అన్నారు.

ఆయనకు చేతనైన క్షమాపణ అదే.

పృథ్వి ఆ ఓడల్ని చూస్తూ కూర్చున్నాడు. వాడి ముఖంలో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"మంచి ఎత్తు నాన్నా" అన్నాడు మెల్లగా. "ఆటలో అయితే అన్నీ తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఆడొచ్చు."

ఆయన తలెత్తలేదు.

"నీ వంతు" అన్నారు.

"ఆఫీసుంది" అని లేచాడు, ఆదివారమని మరిచినట్టు.

"గుత్తివంకాయ చేశాను, తినేసి వెళ్ళరా" అన్నాను.

"ఇంకోసారి అమ్మా."

ఓదెలు కారు తీస్తానన్నా వినకుండా చెక్‌పోస్టు బస్టాపు దాకా నడిచి వెళ్ళి బస్సెక్కాడు.

నేను అట్ట మడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "వాడి వంతు అలాగే ఉంచు శారదా. వస్తాడు."

అప్పటి నుంచి పసిఫిక్ మీద దుమ్ము పడుతోంది. ఓడలు కదిలిపోతాయని ఆయన తుడవనివ్వరు. మేమిద్దరం సోఫాలోనే పళ్ళేలు పట్టుకుని తింటున్నాం.