ఆరు సీసం గుండ్లు

నేను ఒక కాటాను. ఉల్లిపాయలు తూచేదాన్ని కాదు, మనుషులు ఎక్కి నిలబడేదాన్ని. కింద ఇనప పీట, దాని వెనక నిటారుగా ఒక స్తంభం, స్తంభం తల మీద రెండు ఇత్తడి దండెలు. పెద్ద దండె మీద పది కిలోలకొక గాటు, చిన్న దండె మీద యాభై గ్రాములకొక గీత. దండెల మీద జారే బరువు బిళ్ళలు జరిపాక దండె ఎటూ ఒరక్కుండా నిలిచిందంటే అదే మీ బరువు. నాకు కరెంటు అక్కర్లేదు. ఇప్పుడొచ్చే గాజు పలకలు అంకెలు వెలిగించి మురిపిస్తాయి గానీ రెండేళ్ళు తిరక్కుండా మూలపడతాయి. గొప్పలు పోతున్నాననుకోకండి. యాభై ఏళ్ళ పైన నిలబడే ఉన్నదానికి ఆ మాత్రం అనే హక్కుంటుంది.

నా జీవితంలో ఎక్కువ భాగం బాక్సర్ల మధ్య గడిచింది. అయినా ఒక్క పోటీ చూసి ఎరగను. వాళ్ళు నా మీద ఎక్కి, దిగి, ఎక్కడికో వెళ్ళి కొట్టుకుని వస్తారు. వచ్చాక ముక్కు వాచిందో, మెడలో పతకం ఉందో చూసి సంగతి అర్థం చేసుకునేదాన్ని. ప్రపంచ టైటిల్ పోటీ అంటే జనం రింగు వైపు చూస్తారు. అందులో సగం నా పీట మీదే తేలిపోతుందని చాలామందికి తెలియదు.

నా మొదటి కొలువు విశాఖపట్నంలో, ఓడల సరుకు దించే ఒక కంపెనీలో. కూలీలను చేర్చుకునే గదిలో నన్ను పెట్టారు. యాభై కిలోలకు తగ్గినవాడికి అక్కడ పని లేదు. అందుకని బక్కపలచని వాళ్ళు డజను అరటిపళ్ళు మింగి, చెంబెడు నీళ్ళు తాగి, పొట్ట పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒకడి లుంగీ మడతలో గులకరాళ్ళు దొరికాయి. గుమాస్తా వాణ్ణి బయటికి నెట్టలేదు. రాళ్ళు తీయించి, మళ్ళీ తూచి, తక్కువే వచ్చినా యాభై అని రాసుకున్నాడు. ఆ గుమాస్తా నాకు నచ్చాడు, కాటాను కనక ఆ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేకపోయాను.

యంత్రాలు వచ్చి కూలీల అవసరం తీరాక కంపెనీ సామాను అమ్మేశారు. నన్ను బెహరా జగన్నాథం మాస్టారు కొన్నారు. చేపల రేవుకు వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డులో ఆయన బాక్సింగ్ క్లబ్బు నడిపేవారు. అక్కడికి వచ్చాక నా లోకం తలకిందులైంది. నిన్నటిదాకా బరువు చాలదని ఏడ్చేవాళ్ళను చూశాను, ఇప్పుడు బరువు ఎక్కువైందని ఏడ్చేవాళ్ళను చూస్తున్నాను. నీళ్ళు మానేసి, ఉప్పు మానేసి, ఎండలో ప్లాస్టిక్ కోటు వేసుకుని పరిగెత్తి వచ్చి నా మీద ఎక్కేవాళ్ళు. మనుషులకు ఉన్న బరువుతో ఉండటం ఎందుకు చేతకాదో నాకు ఈనాటికీ తెలియదు.

కొత్త పిల్లలు చేరినప్పుడల్లా మాస్టారు నా స్తంభం మీద చెయ్యేసి చరిత్ర చెప్పేవారు. పూర్వం బాక్సింగులో బరువుల లెక్క లేదు, పొట్టివాడైనా బక్కవాడైనా ఏనుగులాంటివాడితో తలపడాల్సిందే. పోనుపోను మెట్లు కట్టారు. ఇంగ్లండులో వందేళ్ళ పైచిలుకు కిందట ఎనిమిది స్టోన్ల దగ్గర, అంటే నూట పన్నెండు పౌన్ల దగ్గర ఒక గీత గీసి, దానికి ఫ్లైవెయిట్ అని పేరు పెట్టారు. ఈగ బరువన్నమాట. "చిన్నోళ్ళకి కూడా ఒక సింహాసనం ఉండాలని అప్పుడు తోచింది వాళ్ళకి," అనేవారు మాస్టారు. నాకు మాత్రం ఆ పేరు వింటే నవ్వొచ్చేది. చేపల రేవు పక్కన బతుకుతున్నదాన్ని, నా మీద వాలని ఈగ లేదు. ఏ ఈగా నా దండెను కదపలేదు.

అక్కడితో ఆగారా? ఈగ కింద నూట ఎనిమిదికి ఒక మెట్టు, దాని కింద నూట అయిదుకు ఇంకో మెట్టు, ఈగ పైన నూట పదిహేనుకు మరొకటి కట్టారు. మూడు నాలుగు పౌన్లకొక రాజ్యం. చాలదన్నట్టు పోటీలు పెట్టే సంస్థలు నాలుగై, ఒక్కో రాజ్యానికి నలుగురేసి రాజులయ్యారు. ఆడవాళ్ళకూ అవే మెట్లు వచ్చాయి. నూట పన్నెండు పౌన్లంటే మన లెక్కలో యాభై కిలోల ఎనిమిది వందల గ్రాములు. అంతకు ఒక్క గీత మించినా మీరు ఆ రాజ్యంలోని వాళ్ళు కారు.

మాస్టారు మంచివారు, కానీ అనుమానం మనిషి. పిల్లలు ఇక్కడ తూగి, పోటీకి వెళ్ళే దారిలో నీళ్ళు తాగేస్తారని ఆయన నమ్మకం. అందుకని ఒకరోజు షెడ్డులో ఎవరూ లేనప్పుడు నా పీట ఎత్తి, అడుగున ఆరు సీసం గుండ్లు తాడుతో కట్టారు. చేపల వల మునగడానికి అంచున కడతారే, అవి. ఒక్కొక్కటి యాభై గ్రాములు. ఆ రోజు నుంచి నేను ప్రతి మనిషికీ మూడు వందల గ్రాములు కలిపి చెప్పాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. గులకరాళ్ళవాడిని చూసి నవ్వుకున్నదాన్ని, నా కడుపులోనే రాళ్ళు పెట్టారు.

అలా పదకొండేళ్ళు గడిచాయి. గుండ్లు కట్టడానికి ఏడాది ముందే మైలపల్లి నూకరత్నం వచ్చి చేరింది. చేపలమ్ముకునే పైడమ్మ కూతురు. పదిహేనేళ్ళ వయసు, పొట్టిది, మాట తక్కువ. ఆడపిల్లలను తూచడానికి నా చుట్టూ ఒక దుప్పటి తెర కట్టారు. లోపల పైడమ్మ నిలబడి బిళ్ళలు జరిపి అంకె చదివేది, బయట మాస్టారు చెవి ఒగ్గి వినేవారు. రోజూ చేపలు తూచే చెయ్యి కదా, నా దండెను అంత సున్నితంగా పట్టుకున్నవాళ్ళు మరొకరు లేరు.

ఒకరోజు ఇసక దులుపుదామని పైడమ్మ నా పీట ఎత్తింది. గుండ్లు కనబడ్డాయి. వల గుండ్లను ఆవిడ గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? చేత్తో ఎత్తి చూసింది, మూడు వందలని తేల్చుకుంది, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి పీట మూసేసింది. సంగతి కూతురి చెవిన మాత్రం వేసింది. రత్నం కూడా నోరు మెదపలేదు. గురువు అబద్ధం పట్టుకున్నామని తెలిస్తే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారని ఇద్దరి బాధ. అప్పటి నుంచి నా మీద యాభై ఒకటీ వంద, అంటే యాభై ఒక్క కిలోల వంద గ్రాములు కనిపిస్తే వాళ్ళు దాన్ని యాభై కిలోల ఎనిమిది వందలుగా చదువుకుని, "సరిపోయింది మాస్టారూ" అనేవాళ్ళు. పోటీల్లో బరువు సరిగ్గా గీత మీద తూగేది. మాస్టారు అది చూసి, దారిలో నీళ్ళు తాగేసింది, గుండ్లు కట్టబట్టి గట్టెక్కాం అనుకునేవారు. ముగ్గురూ ఒకరినొకరు కాపాడుకుంటూ హాయిగా ఉన్నారు.

రత్నానికి ఇరవై ఏడేళ్ళప్పుడు ఈగ బరువు ప్రపంచ టైటిల్ పోటీ విశాఖపట్నానికే వచ్చింది. థాయ్‌లాండ్ నుంచి సువన్ని అనే చాంపియన్ వస్తోంది, మూడేళ్ళుగా గెలిచినవాళ్ళకిచ్చే పట్టీ ఆమె నడుం వదల్లేదు. పన్నెండేళ్ళు ఎదురు చూస్తే ఒక్కసారి తలుపు తెరుచుకుంది, ఇంకోసారి తెరుచుకుంటుందన్న ఆశ ఎవరికీ లేదు. పోటీ పెట్టే సంస్థ నియమం కూడా ముందే చెప్పారు. పోటీకి ముందురోజు తూకంలో సవాలు చేసే మనిషి గీత దాటితే, రింగులో గెలిచినా టైటిల్ రాదు. పట్టీ పాతవాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఆ వారం మాస్టారికి ఒక భయం పట్టుకుంది. మూడు వందలు ఎక్కువ చూపిస్తే పిల్ల ఊరికే ఎండిపోతుంది, పది రౌండ్లు నిలబడే సత్తువ ఉండొద్దా అని. దారిలో చుక్క నీళ్ళు ముట్టనని రత్నం చేత ఒట్టు వేయించుకున్నారు. సోమవారం పొద్దున్న ఒంటరిగా వచ్చి గుండ్లు విప్పి జేబులో వేసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పదకొండేళ్ళ సంగతి చెప్పాలి మరి. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, మళ్ళీ నిజం చెప్పే రోజు వచ్చిందని.

శుక్రవారం తూకం. పొద్దున్నే తెర వెనక రత్నం నా మీద ఎక్కింది. పెదవులు పగిలి ఉన్నాయి. జుట్టు అంతకుముందే పొట్టిగా కత్తిరించుకుంది. పైడమ్మ బిళ్ళ జరిపింది, యాభై ఒకటీ వంద దగ్గర దండె నిలిచింది. తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఇంక ఒళ్ళు ఎండగట్టక్కర్లేదు. పైడమ్మ తెర బయటికి తల పెట్టి, సరిపోయిందని చెప్పింది. మాస్టారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. పదకొండేళ్ళ తర్వాత నేను చెప్పిన నిజాన్ని ఎవరూ వినలేదు. కేకలు వేయగలిగితే వేసేదాన్ని.

అలవాటైన కాటా దగ్గరుంటే మంచిదని నన్ను కూడా ఆటో ట్రాలీలో ఎక్కించి ఇండోర్ స్టేడియానికి తెచ్చారు. పక్క గదిలో పెట్టారు. హాల్లో సంస్థవాళ్ళ కాటా వేరే ఉంది. ముందు సువన్ని ఎక్కింది, యాభై కిలోల ఏడు వందలు. తర్వాత రత్నం పేరు, ఆ వెనకే అంకె వినిపించాయి. యాభై ఒకటీ వంద. బరువు తగ్గడానికి రెండు గంటల గడువు ఇచ్చారు.

రత్నాన్ని నా గదిలోకి తెచ్చి ప్లాస్టిక్ కోటు తొడిగారు. మాస్టారు, పొద్దున్న ఎంత చూశావని పైడమ్మను అడిగారు.

"మూడొందలు తీసీసి సూసినాను మాస్టారూ," అంది పైడమ్మ. "మీరు కట్టిన గుండ్లు నానెప్పుడో సూసీసినాను. మీ మరేద పోద్దని ఊరుకున్నాను."

మాస్టారు జేబు తడుముకున్నారు. "సోమవారం తీసీసేనమ్మా," అన్నారు. "పిల్ల ఎండిపోతాదని."

రత్నం ఇద్దరి మాటలూ విని తాడు అందుకుంది. గంతులు వేస్తూనే ఉంది. లాలాజలం ఊరాలని పైడమ్మ నోట్లో చింతపండు పెడితే చప్పరించి డబ్బాలో ఉమ్మింది. గంటకు నా మీద ఎక్కితే యాభై కిలోల తొమ్మిది వందల యాభై. ఇంకో అరగంటకు యాభై కిలోల తొమ్మిది వందలు. ఆ తర్వాత చెమట పట్టడం మానేసింది, ఒళ్ళు కాలిపోతోంది గానీ చుక్క రాదు. పదినిమిషాలుందనగా యాభై కిలోల ఎనిమిది వందల యాభై. పైడమ్మ కత్తెర తీసుకుని, పుట్టినప్పటి నుంచి కూతురి నడుముకున్న మొలతాడు కత్తిరించింది. ఆ తల్లి అది కత్తిరిస్తుంటే నేను చూడలేకపోయాను. నా దండె కదల్లేదు. ఎలాగైనా కదిలితే బాగుండునని నేను కోరుకున్నది ఆ ఒక్క రోజే. ఓడల కంపెనీలోని ఆ గుమాస్తా అయితే సరేనని రాసుకునేవాడు.

హాల్లో మళ్ళీ చదివారు. యాభై కిలోల ఎనిమిది వందల యాభై. గీతకు యాభై గ్రాములు ఎక్కువ. మాస్టారి జేబులో ఉన్న ఆరు గుండ్లలో ఒక్క గుండు.

మర్నాడు సాయంత్రం నేను ఆ గదిలోనే ఉన్నాను. గంట మోగినప్పుడల్లా లెక్కపెట్టాను, పది రౌండ్లూ జరిగాయి. తర్వాత జనం రత్నం పేరు అరవడం విన్నాను. పాయింట్ల మీద గెలిచింది, ముగ్గురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారు. సువన్ని ఆ గది గుమ్మం దాకా వచ్చి రత్నానికి రెండు చేతులూ జోడించి, పట్టీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఏడాదికి ఆమె నూట పదిహేను మెట్టుకు ఎక్కేసింది. ఖాళీ అయిన సింహాసనానికి వేరేవాళ్ళ పేర్లు పిలిచారు. ఈగ బరువు చాంపియన్ల జాబితా మీరు తిరగేస్తే అందులో రత్నం పేరుండదు.

క్లబ్బుకు తెచ్చాక మాస్టారు సమ్మెట పట్టుకుని నా ఎదుట నిలబడ్డారు. ఈ దిక్కుమాలిన కాటా షెడ్డులో ఉండకూడదన్నారు. ఒక కన్ను వాచి మూసుకుపోయిన రత్నం వచ్చి సమ్మెట అందుకుని పక్కన పెట్టింది.

"దాన్నేటి అంటారు మాస్టారూ? మన నలుగుర్లో నిజం సెప్పింది అదొక్కటే."

మాస్టారు నా పీట మీదే కూలబడి ఏడ్చారు. పైడమ్మ కూడా ఏడ్చింది. రత్నం ఇద్దరి మధ్యా కూర్చుని, "నానైనా సెప్పాల్సింది," అంది. ఆ తర్వాత ఆ మాట వాళ్ళెప్పుడూ ఎత్తగా వినలేదు.

మాస్టారు పోయి ఆరేళ్ళు. క్లబ్బు రత్నమే నడుపుతోంది. నాకు తుప్పు పట్టింది, చిన్న దండె మీద కొన్ని గీతలు చెరిగాయి, అయినా నన్ను తుక్కులో వెయ్యనివ్వదు. నా స్తంభానికి ఒక మేకు కొట్టి, దానికి ఒక సీసం గుండు వేలాడదీసింది. మిగిలిన అయిదూ పైడమ్మ ఏ వలకు కట్టించిందో తెలియదు.

కొత్త పిల్ల చేరితే రత్నం ముందు ఆ గుండు తీసి పిల్ల చేతిలో పెడుతుంది. పిల్ల అటూ ఇటూ తిప్పి చూస్తుంది, అరచేతిలో ఎగరేస్తుంది.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే," అంటుంది రత్నం. గుండు మళ్ళీ మేకుకు తగిలించి, తెర లాగి, పిల్లను ఎక్కమంటుంది. దండె నిలిచాక, వచ్చిన అంకె ఏదైనా సరే, షెడ్డులో అందరికీ వినపడేలా పైకి చదువుతుంది.