ఇంకొకరు వేసిన పక్క

ఇరవై రెండేళ్లుగా ఓ పెద్ద హోటల్లో గదులు సర్దే వదినకు ఒక్కటే కోరిక. నగలూ కాదు, నట్రా కాదు. తాను లేచిన పక్కను ఇంకెవరైనా సర్దితే కళ్లారా చూడాలి! ఇంట్లో ఎవరు సర్దుతారు, మొగుడా? ఆయనగారు దుప్పటిని కాలితో తన్ని లేవడమే గొప్ప.

ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డ ఆడపడుచు, ఈసారి సెలవుల్లో వదినను రెక్క పుచ్చుకుని ఓ నగరానికి లాక్కొచ్చింది. బస్సుల మోత దాటి సందులోకి తిరిగితే అయిదంటే అయిదు గదుల బుల్లి హోటల్. తాళాలిచ్చేదీ, కాఫీ పెట్టేదీ, గదులు సర్దేదీ అన్నీ యజమానురాలే. గదిలో నీలం గోడలు; కిటికీ తెరిస్తే ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాలు చేతికందేంత దగ్గర. వదిన పరుపు మీద కూర్చుని ఊగింది. ఆడపడుచూ ఊగింది. ఇద్దరికీ కలిపి వందేళ్లు దాటాయి, సిగ్గూ శరమూ ఉండక్కర్లేదూ!

మూడు రాత్రులు ఉంటారు. మూడో పొద్దున ఖాళీ చేస్తారు గనక ఆ రోజు పక్కను వాళ్లు పోయాకే తీస్తారు, ఆ సంగతి వదినకు తెలియకనా? అంటే చేతిలో ఉన్నవి రెండు పొద్దులే.

మొదటి పొద్దున ఆడపడుచు స్నానం చేసి వచ్చేసరికి దుప్పటి మూలలు పరుపు కింద బిగిసి, దిండ్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"వదినా! ఎంత పని చేశావ్!"

వదిన తన చేతుల వంక చూసుకుని నెత్తి కొట్టుకుంది. "నా మతి మండా! నేను కాదే, ఈ చేతులే!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతుండగానే వదినకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా రాత ఇంతేనేమో" అంది.

రెండో పొద్దున ఆడపడుచు ఆ సందివ్వలేదు. వదిన కళ్లు తెరవగానే ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో గొడుగు పెట్టి, మెట్లు దింపి, కాఫీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పైన పక్క చిందరవందరగా పడి ఉంది. వదినకు మొదటి గుక్క దిగింది. రెండోది దిగలేదు.

"కళ్లజోడు మర్చిపోయానే!"

"నీ ముక్కు మీదే ఉంది."

అప్పటికే వదిన సగం మెట్లెక్కేసింది. వెనకే ఆడపడుచు, ఒక కాలికే చెప్పుతో.

గదిలో యజమానురాలు దుప్పటి దులుపుతోంది. వదిన తిన్నగా వెళ్లి రెండో అంచు పట్టేసుకుంది.

"నిన్న సర్దింది మీరా?" అని ఆవిడ నోరు తెరిచింది. "నేనే సర్ది మర్చిపోయాననుకుని, మతిమరుపు వచ్చేసిందని మా ఆయన దగ్గర భోరుమన్నానమ్మా!"

వదినకు తల కొట్టేసినట్టయింది. "నా పనీ ఇదేనండీ. ఒక్కసారి ఎవరైనా నాకు పక్క వేస్తే చూద్దామని వచ్చాను. చేతులు ఊరుకోవట్లేదు."

ఆవిడ వదిన వేళ్ల వంక చూసింది. సబ్బు నీళ్లకు పగిలిన వేళ్లు. తనవీ అంతే. అంచును మెల్లగా విడిపించుకుని కుర్చీ చూపించింది.

"కూర్చో అక్కా. లేచావంటే ఊరుకోను."

వదిన తన చేతుల మీద తానే కూర్చుంది. దుప్పటి గాల్లోకి లేచి దిగింది. ఆ గాలి మొహానికి తగిలితే ఒళ్లు పులకరించింది. కానీ ఆ కుడి మూల! ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"ఆ మూల కాస్త వదులుగా..."

"చిత్తం మహారాణీ!"

పక్క తయారైంది. ఇన్నేళ్లూ సరిగ్గా ఈ క్షణానే వదిన తలుపు లాగి పక్క గదికి పోయేది. ఇవాళ చెప్పులు విడిచింది, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టింది, ఒక్క గెంతు గెంతింది. దిండ్లు ఎగిరిపడ్డాయి. వెనకే ఆడపడుచూ వచ్చి పడింది.

నలిగిన దుప్పటిలోంచి జుట్టంతా రేగిన తల ఒకటి పైకి లేచింది.

"మళ్లీ వెయ్యండి!"

గుమ్మం పట్టుకుని నవ్వుతున్న యజమానురాలు కళ్లు తుడుచుకుని, కొంగు బిగించి, మళ్లీ వేసింది.