నూనె దిగే దారి

మా వీధికి నీళ్ళ వంతు బుధవారం. ఈ జర్కా ఊళ్ళోనే పుట్టి పెరిగినదాన్ని, వారానికొక్క రోజే నీళ్ళు రావడం నాకు కొత్త కాదు. తెల్లవారుజాము నమాజు చేసి చాప మడుస్తుండగానే గొట్టాల్లో గాలి బుస్సుమంటుంది. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా నడుం వాల్చే వీలుండదు. మోటారు వేసి మిద్దె మీది ట్యాంకులు రెండూ నింపాలి, వారం బట్టలన్నీ ఉతకాలి, ముంగిలి కడగాలి. ఆ బుధవారం కూడా రెండు తొట్ల వాషింగ్ మెషిన్ని ముంగిట్లోకి లాగి, దాని గొట్టాన్ని తూము వైపు పరిచి, దుప్పట్లు వేశానో లేదో, వీధి తలుపు దగ్గర గొంతు లేచింది.

"యా సాతిర్!"

సాతిర్ అంటే కప్పి కాపాడేవాడు. అల్లాను అలా పిలుస్తాం. పరాయి మగవాడు ఇంట్లో అడుగు పెట్టేముందు ఆ మాట గట్టిగా అంటాడు, ఆడవాళ్ళు సర్దుకోవడానికి వీలుగా. మంచి ఆచారమే, కాదనను. కానీ మా గ్యారేజి ఇంటి వెనక ఉంది, దానికి దారి నా ముంగిట్లోంచే. రెండు నెలలుగా మా ఆయన ముంతసిర్, మా మరిది ఖల్దూన్, వాళ్ళ స్నేహితులు ఇద్దరూ ఆ గ్యారేజిలోనే ఉంటున్నారు. టీ తాగడానికి యా సాతిర్. స్పానరు తేవడానికి యా సాతిర్. చేతులు కడుక్కోవడానికి యా సాతిర్. ఒక రోజు పిండి పిసుకుతూ లెక్కపెట్టాను, పద్దెనిమిది సార్లు. పద్దెనిమిది సార్లూ నేను చేతిలో పని వదిలి, తడి చేతులతో వంటింట్లోకి దూరాను. అల్లా పేరు చెవిన పడితే మనసు నెమ్మదించాలి కదా, నాకేమిటి విసుగొస్తోంది, ఇది పాపమేమో అని నమాజులో క్షమాపణ కూడా అడిగాను. అడుగుతూనే ఇంకో మాట కూడా అడిగాను. నా ముంగిట్లోంచి నన్నే పక్కకు తప్పుకోమనడానికి నీ పేరు వాడుతున్నారు, నీకు తెలుసా, అని.

వాళ్ళు చేస్తున్న పని నా కారుకి టర్బో బిగించడం. నా కారే. మా బాబా నలభై ఏళ్ళు లారీ నడిపి, పని మానేసిన ఏడాది రెండు సీట్ల చిన్న పాత జపాన్ కారొకటి కొన్నాడు. అమ్మ తల పట్టుకుంది. బాబా పట్టించుకోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎడారి వైపు రోడ్డు మీద నడపడం నేర్పాడు. నా పెళ్ళికి దాన్ని నా పేర రాసిచ్చాడు. కాపురానికొచ్చిన వారం మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మాయ్, ఇది కారా, కాలి చెప్పా?" అన్నారు. ఆవిడను నేను ఖాల్తీ అంటాను, పిన్నీ అన్నట్టు. జూద్ పుట్టాక ముంతసిర్, "రెండు సీట్ల కారు పిల్లల తల్లికి దేనికి?" అన్నాడు. రెండో పాప పుట్టాక కారు మీద గుడ్డ కప్పాడు. ఏడేళ్ళు ఆ గుడ్డ మీద నేను మిరపకాయలు ఎండబెట్టాను.

ఆ తర్వాత ఏ తుక్కు దుకాణంలో కనిపించిందో, నత్తగుల్ల ఆకారంలో ఒక ఇనుప ముద్దను బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికొచ్చాడు. ఇంజను వదిలే వేడి పొగ దీని చక్రాన్ని తిప్పుతుందట, ఆ చక్రం ఇంజనులోకి ఇంకా ఎక్కువ గాలి నెడుతుందట, అప్పుడు చెప్పు లాంటి కారు కూడా గుర్రంలా ఉరుకుతుందట. "నీ కారే కదా రిహాబ్, నీకే మంచిది," అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి నేను సరేనన్నాను. అబద్ధమెందుకు, నాకూ సంతోషమే వేసింది. తర్వాత నా ఓవెన్లో రంగు పూసిన ఇనుప గొట్టాలు కాల్చాడు, రెండు వారాలు రొట్టె రంగు వాసన కొట్టింది. నేను మక్లూబా, అంటే పళ్ళెంలోకి తిరగేసి వడ్డించే మాంసం అన్నం, వండే గిన్నె తీసుకెళ్ళి కిరసనాయిల్లో బోల్టులు నానబెట్టాడు. అడిగితే, "గిన్నెలకేం కరువా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. టైల్సు అమ్మడం, ఇళ్ళల్లో పరచడం తప్ప ఇన్నాళ్ళూ ఏ ముచ్చటా ఎరగనివాడు. పిల్లలు పడుకున్నాక నా కాళ్ళు కూడా నొక్కుతాడు. అయినా ఆ గిన్నె మా అమ్మది.

సరే, ఆ బుధవారం. యా సాతిర్ వినగానే నేను లోపలికెళ్ళాను. ఖల్దూన్ బూట్లు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. నేను బయటికొచ్చి మెషిన్లోని మురికి నీళ్ళు వదిలితే చుక్క కదల్లేదు. చూస్తే, బూట్లు తడుస్తాయని కాబోలు, వాడు గొట్టం తీసి నా పుదీనా కుండీ అంచు మీద పెట్టి పోయాడు. గొట్టం కింద పడేస్తే నీళ్ళు భళ్ళున దిగాయి. మనసులో నాలుగు తిట్టి దుప్పట్లు ఆరేశాను.

అప్పుడే గ్యారేజిలో ఇంజను లేచింది. ఏడేళ్ళ తర్వాత ఆ గొంతు. నా ఒళ్ళు ఝల్లుమంది. మరు నిమిషం వెనకనించి నీలం పొగ మేఘంలా వచ్చి నా దుప్పట్లన్నిటినీ కప్పేసింది. దగ్గులు, కేకలు. ఇంజను ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపారు. ముంతసిర్ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"దుప్పట్లు!" అన్నాను.

"ఏం చేస్తాం, మళ్ళీ ఉతుకు. నీళ్ళ రోజే కదా," అన్నాడు.

మళ్ళీ ఉతికాను. ఉతుకుతూ వాళ్ళ మాటలు విన్నాను. ఖల్దూన్ ఇనుప గేట్లు వెల్డింగు చేస్తాడు, టర్బోకి కావలసిన పట్టీలన్నీ అతికింది వాడే. "టర్బో చచ్చింది అన్నా. లోపలి సీలు పోయింది, నూనె పొగలోకి కారుతోంది. ఇంజను కూడా పోతుంది. అది పోకముందే ఉన్నది ఉన్నట్టు అమ్మేద్దాం. రుసైఫాలో ఒకడు అడుగుతున్నాడు." కాసేపటికి ముంతసిర్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడిన ముఖంతో. "శనివారం లైసెన్సు ఆఫీసుకి రావాలి. నీ సంతకం కావాలి," అన్నాడు. సంతకానికి మాత్రం కారు నాదే.

బాబా చేతులు స్టీరింగు మీద కనబడ్డాయి. బాబా లారీకీ టర్బో ఉండేది. వీధిలోకి రాగానే ఇంజను ఆపేవాడు కాదు. టర్బో వేడిగా ఉన్నప్పుడు ఆపితే లోపలి నూనె మాడుతుంది, రెండు నిమిషాలు ఉత్తినే నడవనివ్వాలి అనేవాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఒళ్ళోకెక్కేదాన్ని. అమ్మ లోపల్నుంచి అన్నం చల్లారిపోతోందని అరిచేది. బాబా కదిలేవాడు కాదు. అవి మా ఇద్దరి రెండు నిమిషాలు.

మధ్యాహ్నం అజాన్ అయింది. మగవాళ్ళు మసీదుకెళ్ళారు. నేను ఇంట్లో నమాజు ముగించుకుని, కనీసం గిన్నె అయినా దక్కించుకుందామని గ్యారేజిలోకెళ్ళాను. గిన్నె కారు కింద ఉంది. నేల మీద పడుకుని చెయ్యి చాపాను. చాపి, పైకి చూశాను. నత్తగుల్ల నెత్తి మీదికి సన్నటి గొట్టం ఒకటి వస్తోంది, నూనె తెచ్చేది. దాని అడుగు నుంచి బొటనవేలంత లావు రబ్బరు గొట్టం ఇంజను కిందికి పోతోంది, వాడిన నూనె తిరిగి దిగేది. ఆ లావు గొట్టం తిన్నగా దిగడం లేదు. ఖల్దూన్ అతికిన పట్టీ మీది నుంచి గూనిలా పైకి లేచి, అటు పక్కకు దిగుతోంది. అచ్చం నా పుదీనా కుండీ మీది గొట్టం లాగా.

నీళ్ళతో బతికేవాళ్ళకి ఇది ఒకరు చెప్పాలా? మిద్దె మీదికి ఎక్కించడానికి మోటారుంది. దిగేటప్పుడు ఏ మోటారూ ఉండదు, వాలు ఒక్కటే దిక్కు. మధ్యలో గొట్టం బెత్తెడు లేచిందా, ఇక అంతే. నూనె దిగే దారి లేక వెనక్కి నిండి, సీలు దాటి పొగలోకి పోతోంది. టర్బో చావలేదు. దానికి ఊపిరాడటం లేదు.

అక్కడే గిన్నె పట్టుకుని కూర్చున్నాను. చెప్పాలా? చెబితే నలుగురిలో మా ఆయన చిన్నబోతాడేమో. చెప్పకపోతే శనివారం సంతకం. సిగ్గు విశ్వాసంలో భాగమని చిన్నప్పుడు బళ్ళో నేర్పారు. తెలిసిన మాట మింగడం దేనిలో భాగమో ఎవరూ నేర్పలేదు. వాళ్ళు తిరిగొచ్చేదాకా అదే ఆలోచించాను. రెంచీల చప్పుడు మొదలయ్యాక తల మీది గుడ్డ సర్దుకుని గ్యారేజి తలుపు దగ్గరకెళ్ళాను. గొంతు సవరించుకుని, ముంగిలంతా వినబడేలా అన్నాను.

"యా సాతిర్!"

రెంచీ ఒకటి కింద పడింది. ముంతసిర్ కారు కింద ఉన్నవాడు లేవబోయి తల కొట్టుకున్నాడు. స్నేహితులిద్దరూ చొక్కా బొత్తాలు వెతుక్కుంటూ గోడకు అతుక్కుపోయారు.

"ఏమైంది ఉమ్మ్ జూద్?" అన్నాడు ముంతసిర్. నలుగురిలో నా పేరు పలకడు, జూద్ తల్లినే అవుతాను.

"ఈ లావు గొట్టంలో నూనె ఎటు పోతుంది?"

"కిందికి. ఇంజను అడుక్కి."

"కిందికి పోయేది మధ్యలో కొండెక్కుతోందేం?"

ఖల్దూన్ నవ్వాడు. "ఉమ్మ్ జూద్, ఇది వాషింగ్ మెషిన్ కాదు."

"వాషింగ్ మెషినైతే పొద్దున నువ్వు గొట్టం తీసి కుండీ మీద పెట్టావే, అప్పుడే తెలిసేది, నీళ్ళు ఎందుకు దిగలేదో."

స్నేహితుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. ముంతసిర్ నవ్వలేదు. టార్చి తీసుకుని వంగి ఆ గూనిని చాలాసేపు చూశాడు. ఎవరో పనివాడు వాలు తప్పి పరిచిన స్నానాల గది నేలను చూసినట్టు చూశాడు. "పట్టీ కొయ్యి," అన్నాడు తమ్ముడితో.

"అన్నా, నువ్వు కూడా..."

"కొయ్యమన్నానా!"

పట్టీ కోశారు. గొట్టం పొట్టిగా కోసి, తిన్నగా, నిటారుగా దించారు. ఇంజను వేస్తే మళ్ళీ నీలం పొగ. ఖల్దూన్ నా వైపు చూసి చేతులు తిప్పాడు. కానీ నేను కదల్లేదు. "ఇందాక కారిన నూనె లోపలుంది కదా. అది కాలిపోనీ," అన్నాను. ఐదు నిమిషాలు. ఎనిమిది. నేను లోపల్లోపల అల్లాను ఆ పేరుతోనే పిలుస్తున్నాను, కప్పేవాడా, నా పరువు కప్పు అని. పొగ పల్చబడింది. నీలం పోయి తెలుపయింది, తర్వాత ఏ రంగూ లేదు. ఇంజను గొంతు వెనక సన్నటి ఈల మాత్రం మిగిలింది.

ఆ సాయంత్రం ముంగిట్లో టీ పెట్టాను. వీధిలోని మగవాళ్ళు నలుగురు వచ్చి ముంతసిర్ భుజం తట్టారు. ఎలా కనిపెట్టావయ్యా అన్నారు. "ఏమో, అల్లా నా మనసులో వేశాడు," అన్నాడు. నేను ట్రే పట్టుకుని గుమ్మం వెనక ఉన్నాను. వేశాడు, నిజమే. ఎవరి నోటితో వేశాడో కూడా చెబితే ఆయన మహిమేం తగ్గేది కాదు కదా. నాకు కోపం రాలేదు. నా లోపల ఏదో గొట్టం గూనిలా లేచినట్టయింది, అంతే. పక్కన ఖాల్తీ జపమాల తిప్పుతున్న చెయ్యి ఆపి, నన్నే చూస్తున్నారు.

శుక్రవారం వచ్చింది. కడిగి, నిమ్మకాయతో తోమి, మళ్ళీ కడిగిన అమ్మ గిన్నెలో మక్లూబా ఎక్కించాను. మగవాళ్ళు జుమా నమాజు నుంచి వచ్చారు. ముంతసిర్ కొత్త చొక్కాతో గోడ మేకుకుండే కారు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. మేకు ఖాళీగా ఉంది. తాళం నా గుప్పిట్లో ఉంది.

"మొదట నేను వెళ్ళొస్తాను," అన్నాను.

"నువ్వా? ఏడేళ్ళయింది రిహాబ్. పైగా ఇప్పుడు టర్బో. అది తంతుంది."

"మా బాబా లారీకీ ఉండేది."

"మరి మక్లూబా?"

"సన్న మంట మీద ఉంది. పిల్లల్ని చూస్తుండు."

ముంతసిర్ నోరు తెరిచాడు. ఈలోగా ఖాల్తీ నల్ల అబాయా వేసుకుని, చేతికర్ర పట్టుకుని గది లోంచి వచ్చారు. కారు దగ్గరకెళ్ళి దాన్ని కర్రతో పొడిచారు. "దీని తలుపు ఎటు తీస్తారు?"

"యుమ్మా, నువ్వెక్కడికి?" అన్నాడు కొడుకు.

"అల్లా ఎవరి మనసులో వేస్తాడో వాళ్ళతోనే వెళ్తాను, నాకు అదే క్షేమం," అన్నారు ఖాల్తీ. ముంతసిర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. మోకాళ్ళు దాదాపు గడ్డానికి తగిలాయి. "కాలి చెప్పే ఇది," అన్నారు సర్దుకుంటూ.

ఊరు దాటేదాకా మెల్లగా నడిపాను. చేతులకి అన్నీ గుర్తున్నాయి. తూర్పు రోడ్డు ఖాళీగా, తిన్నగా పరుచుకుంది. మూడో గేరులో కాలితో పెడలు కొంచెం నొక్కాను. ఈల లేచింది. వెనకనించి ఎవరో పెద్ద అరచేత్తో తోసినట్టు కారు ముందుకి దూకింది.

"యా సాతిర్!" అని ఖాల్తీ కేక పెట్టారు. జపమాల కింద పడింది. నేను కాలు తీసేశాను. ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, పళ్ళు లేని నోటితో నవ్వుతున్నారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా. "తీశావేం? ఇంకోసారి," అన్నారు. ఇన్నాళ్ళకి ఆ పేరు నా చెవికి మళ్ళీ తియ్యగా వినిపించింది.

ఇంటికొచ్చి వీధి తలుపు ముందు ఆపాను. ఇంజను ఆపలేదు. గుమ్మంలో ముంతసిర్, పక్కన ఇద్దరు పిల్లలు, వెనక ఖల్దూన్.

"దిగరేం? మక్లూబా పళ్ళెంలోకి తిరగెయ్యాలి, అందరూ ఆకలితో ఉన్నారు!" అన్నాడు ముంతసిర్.

"టర్బో చల్లారాలి," అన్నాను. "గిన్నె నువ్వే తిరగెయ్యి. పళ్ళెం మూసి, ఒక్క ఊపున."

ముంతసిర్ తమ్ముడి వైపు చూశాడు. ఖల్దూన్ ఆకాశం వైపు చూశాడు. ఇద్దరూ లోపలికెళ్ళారు. తాళాన్ని ఇక ఆ మేకుకి తగిలించనని అప్పుడే అనుకున్నాను. ఇంజను సన్నగా ఈల వేస్తోంది. లోపల, వేడి నూనె తిన్నని దారిన దిగుతూ ఉంటుంది.

"ఎంతసేపుండాలి ఇలా?" అన్నారు ఖాల్తీ.

"రెండు నిమిషాలు."

ఆవిడ సీట్లో వెనక్కి వాలి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకున్నారు.

"వాళ్ళడిగితే ఐదని చెప్పు."