పచ్చ టిక్కు

కొత్తకోటలో పంచర్ షాపు మీది గదిలో కూర్చుని కృప చేసే ఉద్యోగం ఏమిటో ఇంటావిడకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆమె కంపెనీ తయారుచేసేది వర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్, తమ పనికీ దాన్నే వాడతారు. ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఎవరు ఏ మార్పు చేశారో, ఎప్పుడు, ఎందుకు చేశారో చెరిగిపోకుండా దాచిపెడుతుంది. ప్రతి మార్పుకీ ఒక చిన్న నోటు రాయాలి.

ఆ నోట్లలోనే కృపకు సనా దొరికింది. సనాది గద్వాల. ఇద్దరూ ఒకే కంపెనీకి ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేసేవారు. కలుసుకున్నదీ లేదు, ఫోనులో మాట్లాడుకున్నదీ లేదు. "తేదీల తప్పు సరిచేసిన. ఇయ్యాల మా తాన వాన" అని సనా రాస్తే, "మా తాన లారీల మోతే. తిన్నవా?" అని కృప తన మార్పు కింద రాసేది. మూడేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు సనా మానేసిందన్నారు. కృప మొదటిసారి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. చెప్పాపెట్టకుండా పోయిందని ఆమె మనసు విరిగింది. అప్పటినుంచి ఈ పద్నాలుగు నెలల్లో ఆమె రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో ఆరు పాలవాడితో.

మొన్న శుక్రవారం సర్వర్ చెడిపోయింది. "అంతర్గత లోపం" అని ఒక్క ముక్క చెప్పి, పాత మార్పులు, నోట్లు ఏవీ తెరవనని మొండికేసింది. కృప ల్యాప్‌టాప్ కొత్తది, అందులో ఈ ఏడాదివే ఉన్నాయి.

"ఇప్పటి ఫైళ్లున్నయి గదా, పాతయెందుకు? కొత్తగ మొదలువెట్టు" అన్నాడు మేనేజరు నరేందర్. అతనికేం, ఆ నోట్లలో అతని మాట ఒక్కటీ లేదు. కృపకు మాత్రం అవే కావాలి. సనా మాటలన్నీ అందులోనే ఉన్నాయి. పనిచేసేవాళ్ల ల్యాప్‌టాప్‌లో కూడా ఒక నకలు ఉంటుంది కాబట్టి, వాటి పూర్తి నకలు ఇక సనా సొంత ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

ఆదివారం ప్రార్థనకు ఎగనామం పెట్టి, ఒకప్పుడు సనా పంపిన పార్సిల్ తాలూకు కొరియర్ చీటీ మీది అడ్రసు పట్టుకుని గద్వాల బస్సెక్కింది.

తలుపు తీసింది సనా తల్లి సుల్తానాబీ. "సనా బెంగళూరుల పనిచేస్తుంది బేటీ. నువ్వెవరు?"

"కొత్తకోట కృపనమ్మా."

ఆవిడ ముఖం మారింది. "నువ్వేనా? పోయేముందుగాల నీకు రాసింది. నెల దినాలు జవాబు కోసం సూసింది. శానా పరేషానయింది."

"నాకేం రాలేదమ్మా."

"పంపితే, పోయిందని కంప్యూటర్ల పచ్చ టిక్కు సూపిచ్చిందంట గదా!"

ఆ పచ్చ టిక్కు కృప పెట్టిందే. ఎర్ర అక్షరాలు చూసి కస్టమర్లు బెదిరిపోతున్నారని నరేందర్ సణిగితే, ఊహించని లోపం ఏదొచ్చి నోటు చేరకపోయినా, దాన్ని లోపలే మింగేసి పచ్చ టిక్కు చూపించేలా ఒక సాయంత్రం రాసిపడేసింది. వారంలో తీసేద్దామనుకుంది. ఆ వారం ఇంకా రాలేదు.

కృప అడిగితే సుల్తానాబీ సనా పాత ల్యాప్‌టాప్ తెచ్చిచ్చింది. నోట్లన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా పైన, ఎవరికీ చేరని నోటు ఒకటి ఉంది.

"కృపా, నన్ను తీసేసిండ్రు. సిమ్ కంపెనీదే, బందయితది. గిది మా అమ్మీ నంబర్. ఫోన్ చెయ్యి. నువ్వు తప్ప నాకు దోస్తులెవరున్నరు?"

ఈలోగా సుల్తానాబీ కూతురికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "సనా, కొత్తకోట కృప వచ్చింది."

"పనిల ఉన్ననని చెప్పు అమ్మీ."

సనా గొంతు కృప వినడం అదే మొదటిసారి. కళ్లు నిండిపోయాయి. తప్పు తనదైనప్పుడు ఎవరి మీద అలగాలి?

సుల్తానాబీ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. కృప ఆ ల్యాప్‌టాప్‌లోనే ప్రోగ్రాములో పచ్చ టిక్కు చూపించే వరుస వెతికి తీసేసింది. ఆ మార్పుకు నోటు రాసింది: "సనా, నీ మాట ఇయ్యాల అందింది. అందకుండ చేసింది నేనే."

పంపమని నొక్కింది. సర్వర్ ఇంకా బాగుపడనే లేదాయె. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి: పంపలేకపోయాం.

చాయ్ కప్పుతో వచ్చిన సుల్తానాబీ తెరలోకి తొంగిచూసింది. "పోయిందా బేటీ?"

"పోలేదమ్మా" అంది కృప. "ల్యాప్‌టాప్ ముయ్యకు. సనా వచ్చినప్పుడు గిట్లనే సూపియ్యి."