బియ్యపుగింజంత కదలిక

అసలు క్లచ్ తొక్కినప్పుడు ఇంజన్ ఎందుకాగాలి? వదలడం చేతకాకపోతే ఆగుతుంది, అది డ్రైవింగ్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ అనుభవమే. తొక్కితే చక్రాల బరువు తప్పిపోయి ఇంజన్ ఇంకా తేలిగ్గా తిరగాలి కదా, అని నేను అనుకుంటూ ఉండగానే "ఊఁ, తొక్కు" అన్నారు మా ఆయన, ఎత్తిన బానెట్ వెనకనుంచి. తొక్కాను. "వదులు." వదిలాను. పోయిన ఆదివారం మాట ఇది. ఏ ఆదివారమైనా ఇంతే. ఆయన ముఖం కనబడదు, గొంతు మాత్రం వస్తుంది, నా ఎడమకాలు దానికి జవాబు చెబుతుంది. అది మామూలు పెడల్ కాదు. పాత స్పోర్ట్స్ కారు కొని, టర్బో వేసి, ఆ బలానికి జారకుండా రెండింతలు గట్టి క్లచ్ బిగించారు. మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాలు ఆ సంగతి చెబుతుంది. గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని గొట్టాలకు సబ్బునీళ్ళు రాశారు, వాల్వు కడిగారు, సెన్సర్ మార్చారు. సబ్బునీళ్ళు కలిపిందీ, టార్చి అందించిందీ, గ్రీజు చొక్కాలు ఉతికిందీ నేను. ఇంజన్ మాత్రం నాలుగుసార్లకోసారి పొలమారినట్టు దగ్గి ఆగిపోయేది. "నీ కాల్లోనే ఏదో ఉంది" అన్నారు చివరికి, నవ్వుతూ. ఆ నవ్వు ఆగిపోతే ఏమొస్తుందో తెలుసు గనక నేనూ నవ్వాను.

కొట్టరు. అది చెప్పాలి, లేకపోతే నా భయం ఎవరికీ అర్థం కాదు. మాట్లాడటం మానేస్తారు. ఒకసారి పదకొండు రోజులు. గ్లాసు బల్లమీద పెట్టే చప్పుడునుబట్టి ఆ పూట ఇల్లెలా ఉండబోతోందో మా పిచ్చుక కూడా చెప్పగలదు. పిచ్చుక మా అమ్మాయి, తొమ్మిదేళ్ళది.

మంగళవారం నా కారు ఆయన తీసుకెళ్ళారు. పిచ్చుకని బడినుంచి ఈ కారులో తెస్తున్నాను. ఫ్లైఓవర్ దిగుతూ గేరు మార్చడానికి క్లచ్ తొక్కాను. ఇంజన్ ఆగింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది, బ్రేకు రాయి అయింది. వెనక లారీ హారన్ మోగుతూనే ఉంది. రెండు కాళ్ళతో బ్రేకుమీద నిలబడ్డట్టు తొక్కితే గోడకి జానెడు దూరంలో ఆగాం. "అమ్మా, మనం చచ్చిపోతామా?" అని పిచ్చుక చాలా మామూలుగా అడిగింది. ఆయనతో చెబితే "సిగ్నల్ దగ్గరైనా, ఎక్కడైనా క్లచ్ తొక్కిపెట్టే ఉంచమన్నానా లేదా? నీకు వదిలేయడం అలవాటు" అన్నారు.

నేను పనిచేసేది ఒక కార్ల సర్వీసు కౌంటర్లో. తొమ్మిదేళ్ళనుంచి బళ్ళ రోగాలు రాసుకుంటున్నా, వచ్చినవాళ్ళు నా భుజంమీదుగా లోపలికి చూసి "మేడమ్, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అంటారు. బుధవారం మా హెడ్ మెకానిక్‌ని అడిగాను. ఎవరో కస్టమర్ కారు సంగతి అని అబద్ధమాడాను.

"క్లచ్ గట్టిది వేశాడా?" అన్నాడు.

"చాలా గట్టిది. సిగ్నల్స్ దగ్గర తొక్కిపెట్టే ఉంచుతాడట."

"ఇంకేం, వాడి ఇంజన్ని వాడే తినేశాడు. పెడల్ తొక్కితే ఆ తోపుడంతా లోపల తిరిగే ఇరుసు, క్రాంక్‌మీద పడుద్దమ్మా. అది ముందుకి రాకుండా ఆపేది ఓ చిన్న బేరింగు, అర్ధచంద్రంలా ఉంటది. అది అరిగిపోతే తొక్కినప్పుడల్లా క్రాంక్ ముందుకొచ్చి రాసుకుంటది, ఆగిపోతది. ఇంజన్ ఆపేసి ఒకర్ని పెడల్ తొక్కమని, ముందు క్రాంక్ చివరనున్న పుల్లీ చక్రాన్ని చూడమనండి. కంటికి కనబడేంత కదిలిందంటే అంతే."

"నడిపితే?"

"నడపనివ్వకండి. ఏదో ఒకరోజు స్పీడులో పట్టేస్తది. వాడెవడోగానీ, పెళ్ళాంబిడ్డలున్నారా?"

"ఉన్నారు" అన్నాను.

ఆ సాయంత్రం ఆయన రాకముందు అత్తయ్యని బతిమాలి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. "కాటికి కాళ్ళు చాపుకునే వయసులో నాకు డ్రైవింగేమిటే" అంటూనే చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ పెట్టి తొక్కింది. నేను బానెట్ కింద తల దూర్చాను. అన్ని ఆదివారాల్లోనూ ఆయన నన్ను నిలబడనివ్వని చోటు అది. పుల్లీ ముందుకొచ్చింది. అత్తయ్య వదిలింది, వెనక్కెళ్ళింది. బియ్యపుగింజంత. ఇంకోసారి తొక్కమన్నాను, కళ్ళు పొరబడాలని కోరుకుంటూ. పొరబడలేదు.

"ఏం కనబడిందే?" అంది. చెప్పాను. దిగి చెప్పులు తొడుక్కుంది. "వాడితో అనకు. వాళ్ళ నాన్న తప్పు ఒకసారి నేను పట్టుకున్నాను. ఆ సంవత్సరం ఎలా గడిచిందో ఆ దేవుడికి తెలుసు."

అనలేదు. గురు, శుక్ర, శనివారాలు గడిచాయి. స్నానాలగదిలో కుళాయి తిప్పి మాటలు అల్లుకున్నాను. "మీరే ఒకసారి పుల్లీ చూడకూడదూ" అని మొదలుపెట్టి, అది ఆయనకే తట్టినట్టు, నేను పక్కన ఊరికే నిలబడ్డట్టు మలిచాను. వెళ్ళి ఎదురుగా నిలబడితే "కూరలో ఉప్పు సరిపోయిందా" అని వచ్చేది నోట్లోంచి. అప్పుడు నాకు తెలిసింది, కారు ఆగిపోతుందన్న భయం కన్నా ఆ మాట చెప్పాలన్న భయమే నాలో పెద్దదని. బిడ్డ ప్రాణం ఒక పక్కా, ఒక మనిషి మూతి బిగింపు ఒక పక్కా పెట్టి, మూడు రోజులు రెండో పక్కకే ఒరిగిన దాన్ని నేను. ఇది ఎవరితోనైనా అనడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఇవాళ ఆదివారం, ఇలాంటి కార్లవాళ్ళంతా కొండరోడ్డు మీద కలుస్తున్నారట. ఆయన హుషారుగా ఉన్నారు. పిచ్చుకని పక్కసీట్లో కూర్చోబెట్టి, తనూ ఎక్కి కూర్చున్నారు. నేను బానెట్ ముందు నిలబడ్డాను.

"క్లచ్ తొక్కితే పుల్లీ కదులుతోంది. లోపల బేరింగ్ అరిగిపోయింది."

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టారు.

"ఎవడు చెప్పాడు?"

"నేను చూశాను."

"ఓహో. కౌంటర్లో కూర్చుని రాసుకునేవాళ్ళంతా ఇంజనీర్లయిపోయారన్నమాట." ఇంకా నవ్వుతున్నారు, కళ్ళు మాత్రం మారిపోయాయి. "పక్కకి జరుగు."

స్టార్ట్ చేశారు. గేరు వేయడానికి క్లచ్ తొక్కారు. ఇంజన్ దగ్గి ఆగింది. మళ్ళీ తాళం తిప్పారు, ఈసారి ఆగకుండా యాక్సిలరేటర్ గట్టిగా అదిమిపట్టి. మెట్లమీద అత్తయ్య వద్దన్నట్టు నావైపు తల ఊపింది. పిచ్చుక అద్దంలోంచి నన్ను చూస్తోంది. ఇంట్లో గ్లాసు చప్పుడు వినేటప్పుడు చూసినట్టే.

"జరగమన్నానా?"

జరిగాను, పిచ్చుక వైపుకి. రేపటినుంచి ఎన్ని రోజులు మాటలుండవో తెలియదు. తలుపు తెరిచి, లోపలికి వంగి, ఆయన ముఖం వైపు చూడకుండా, పిచ్చుక సీటుబెల్టు తీసేశాను.